కేసీ ఏ తప్పూ చేయలేదు: ‘స్క్రీమ్’ మొదటి 12 నిమిషాలు

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్క సీన్ గురించే. 1996లో వచ్చిన ‘స్క్రీమ్’ ఓపెనింగ్. డైరెక్టర్ వెస్ క్రేవెన్, రాసింది కెవిన్ విలియమ్సన్. మొదటి 12, 13 నిమిషాల్లో ఏం జరుగుతుందో అంతా చెప్పేస్తాను, హంతకుడెవరో మాత్రం చెప్పను. కాబట్టి సినిమా చూడనివాళ్లు కూడా ధైర్యంగా వినొచ్చు.

రాత్రి పూట. చుట్టుపక్కల ఎవరూ లేని పెద్ద ఇల్లు. ఎటు చూసినా అద్దాల తలుపులే. కేసీ అనే అమ్మాయి ఒక్కతే ఉంది, సినిమా చూద్దామని స్టవ్ మీద పాప్‌కార్న్ పెట్టింది. ఫోన్ మోగుతుంది. రాంగ్ నంబర్. మళ్లీ మోగుతుంది, మళ్లీ వాడే. గొంతు బాగుంటుంది, సరదాగా మాట్లాడతాడు. హారర్ సినిమాల్లో నీకు ఏది ఇష్టం అని అడుగుతాడు. ‘హాలోవీన్’ అంటుంది. కబుర్లు సాగుతాయి. మధ్యలో నీ పేరేంటి అంటాడు. ఎందుకు అంటే, నేను ఎవర్ని చూస్తున్నానో తెలియాలి కదా అంటాడు.

అంతే, కేసీ మొహం మారిపోతుంది. మనకి మాత్రం మొదటి రింగ్‌కే డౌట్ వచ్చేసింది. ఒంటరి అమ్మాయి, రాత్రి, ఫోన్: ఈ మూడూ కలిస్తే ఏం జరుగుతుందో సినిమాలు మనకి ఎప్పుడో నేర్పేశాయి. 1979లో వచ్చిన ‘వెన్ ఎ స్ట్రేంజర్ కాల్స్’ ఓపెనింగ్ కూడా ఇదే. పిల్లల్ని చూసుకోవడానికి వచ్చిన అమ్మాయికి ఎవడో ఫోన్లు చేస్తుంటాడు. చివరికి ఆ ఫోన్లు అదే ఇంట్లోంచి వస్తున్నాయని తేలుతుంది. ‘స్క్రీమ్’ దాన్ని దాచుకోకుండా వాడుకుంది. ఒక్క తేడా ఏంటంటే, కేసీ చేతిలో ఉన్నది కార్డ్‌లెస్ ఫోన్. పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంది. ఆమెతో పాటు మనమూ ఒక్కో గదీ, ఒక్కో అద్దం తలుపూ చూస్తాం. ఇల్లు ఎంత పెద్దదో, లోపలికి రావడానికి ఎన్ని దారులున్నాయో లెక్క తెలిసిపోతుంది. ఆ పాప్‌కార్న్ ప్యాకెట్ కూడా గమనించండి. ఫోన్‌లో మాటలు ముదిరేకొద్దీ స్టవ్ మీద అది ఉబ్బుతూ ఉంటుంది. తర్వాత దాన్ని పట్టించుకునేవాళ్లు లేక మాడిపోతుంది. గోడ గడియారం చూపించి టెన్షన్ పెట్టడం కంటే ఇది వంద రెట్లు నయం.

ఇప్పుడు అసలు పాయింట్. హారర్ చూసేటప్పుడు మనందరం ఒక పని చేస్తాం. స్క్రీన్ మీద ఉన్నవాళ్లని తిడతాం. ‘తలుపు వేసుకోవే’, ‘పోలీసులకి ఫోన్ చెయ్’, ‘బయటికి ఎందుకు వెళ్తున్నావ్’ అని. ఆ తిట్లలో మనకో ధైర్యం ఉంది. వాళ్లు తెలివితక్కువ పని చేశారు, అందుకే పోయారు, నేనైతే అలా చేయను అని. కథల్లో కొన్ని పద్ధతులు పదేపదే రావడం వల్ల మనకి దొరికే ధైర్యం అది.

కేసీని చూడండి. తలుపులు లాక్ చేస్తుంది. పోలీసుల్ని పిలుస్తానంటుంది, వాళ్లు వచ్చేలోపు నీ పని అయిపోతుందంటాడు వాడు. కత్తి తీసుకుంటుంది. మనం అరిచి చెప్పేవన్నీ చేసేసింది. కాలింగ్ బెల్ మోగినప్పుడు ఎవరది అని అరిచినందుకు, సినిమాలు చూడవా, అలా అడిగినవాళ్లు చస్తారని తెలీదా అని వాడే క్లాస్ పీకుతాడు. రూల్స్ మనకే కాదు, వాడికీ తెలుసు. మనకంటే బాగా తెలుసు.

తర్వాత క్విజ్. ఆమె బాయ్‌ఫ్రెండ్‌ని పెరట్లో కుర్చీకి కట్టేసి ఉంచాడు. సరైన జవాబు చెబితే వాడు బతుకుతాడు. ‘ఫ్రైడే ద థర్టీన్త్’లో హంతకుడెవరు? జేసన్ అని వెంటనే చెప్పేస్తుంది. తప్పు. 1980 నాటి మొదటి సినిమాలో చంపేది జేసన్ కాదు, వాళ్లమ్మ. థియేటర్లో కూర్చుని మనసులో జేసన్ అనుకున్నవాళ్లందరూ ఆమెతో పాటే ఓడిపోయారన్నమాట. సినిమాలు తెలుసు కాబట్టి సేఫ్ అనుకున్న ప్రేక్షకుడిని అదే తెలివితో కొట్టారు.

ఇంకో ధైర్యం కూడా లాగేసుకున్నారు. కేసీగా చేసింది డ్రూ బ్యారీమోర్. ‘ఈటీ’లో చిన్నపిల్లగా చేసినప్పటి నుంచి జనానికి తెలిసిన మొహం. పోస్టర్ మీద కూడా ఆమే. స్టార్ అంత తొందరగా చచ్చిపోదు కదా అనే నమ్మకంతో జనం కూర్చున్నారు. హిచ్‌కాక్ 1960లో ‘సైకో’తో ఈ నమ్మకాన్ని ఒకసారి విరగ్గొట్టాడు, కాకపోతే దానికి అరగంట పైనే తీసుకున్నాడు. ఇక్కడ టైటిల్ కథలోకి పూర్తిగా వెళ్లకముందే అయిపోతుంది.

నన్ను నిజంగా కదిలించేది మాత్రం కత్తి కాదు. అమ్మానాన్నల కారు ఇంటి ముందుకి వచ్చేస్తుంది. కేసీకి వాళ్లు కనిపిస్తారు. పిలిస్తే వినిపించేంత దూరం. వాడు గొంతు నులిమేశాడు కాబట్టి మాట రాదు. సినిమా పేరేమో ‘అరుపు’, అరవాల్సిన క్షణంలో అరుపే రాదు. లోపల అమ్మ పోలీసులకి చేద్దామని ఫోన్ ఎత్తితే అందులో కూతురి ఊపిరి వినిపిస్తుంది. ఆ ఫోన్‌ని కేసీ ఇంకా వదల్లేదు. ‘హాలోవీన్’ 1978లో మొదలయ్యేది కూడా ఇలాంటి ఇంటి ముందే. దాదాపు 4 నిమిషాలు హంతకుడి కళ్లతోనే అంతా చూస్తాం, చివర్లో అమ్మానాన్నలు వచ్చి మాస్క్ తీస్తే ఆరేళ్ల పిల్లాడు. అక్కడ తల్లిదండ్రులు వచ్చాక మనకి షాక్. ఇక్కడ వాళ్లు వచ్చినా లాభం లేదు, అదే షాక్.

మన సినిమాల ఓపెనింగ్ వేరే పని చేస్తుంది. 2023 నాటి ‘విరూపాక్ష’నే తీసుకోండి. 1979లో ఊరివాళ్లు క్షుద్రపూజల అనుమానంతో ఒక జంటని తగలబెడతారు, వాళ్లు శపిస్తారు, కథ 12 ఏళ్లు ముందుకి దూకుతుంది. భయానికి ముందే కారణం ఇచ్చేశారు. ఊరు బాకీ పడింది, ఇక తీర్చాలి. కేసీకి ఆ సౌకర్యం కూడా లేదు. ఎందుకు నన్నే అంటే ఆ నిమిషంలో జవాబుండదు.

2022లో వచ్చిన కొత్త ‘స్క్రీమ్’ కూడా ఇదే సీన్‌తో మొదలవుతుంది. ఈసారి టారా అనే అమ్మాయి. చేతిలో స్మార్ట్‌ఫోన్, యాప్‌తో తలుపులన్నీ లాక్ చేస్తుంది. అవి వాటంతటవే అన్‌లాక్ అవుతూ ఉంటాయి. మళ్లీ ఫోన్, మళ్లీ క్విజ్, మళ్లీ కత్తి. ఇక పోయింది అనుకుంటాం. తర్వాతి సీన్లలో చూస్తే ఆమె ఆసుపత్రి బెడ్ మీద ఉంది. బతికే ఉంది.