చలిరాత్రి ఆగిన హీటరు – మూసిన గదిలో కుంపటి

దక్షిణ ఢిల్లీలోని కటవారియా సరాయ్ పేరునకు గ్రామమే గాని, నేడది నగరము మధ్య నున్న ఇరుకు వీథుల పేట. ఒక ప్రక్క ఐ.ఐ.టి., వేరొక ప్రక్క జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయము ఉండుటచే, దేశము నలుమూలల నుండి వచ్చు విద్యార్థులకు ఇది నివాసస్థాన మైనది. సరాయి యనగా బాటసారులు దిగు సత్రము. గేటు మొదలగు పరీక్షలకు చదువు తెలుగు యువకులును ఇచ్చటి అంతస్తులలో చిన్న గదులు అద్దెకు తీసికొని యుందురు. ఒక గదిని పలకలతో రెండుగా విభజించుటయు, కిటికీ యున్నను అది ప్రక్క యింటి గోడకు ఎదురుగా నుండుటయు ఇట్టి పేటలలో సామాన్యము.

కోస్తా జిల్లాలలో పెరిగిన వానికి ఢిల్లీ చలి క్రొత్త. 2019 డిసెంబరు 30వ తేదీన సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రమున పగటి అత్యధిక ఉష్ణోగ్రతయే 9.4 డిగ్రీలు. 2021 జనవరి 1వ తేదీ ఉదయమున అచ్చటనే 1.1 డిగ్రీలు నమోదైనది. ఇట్టి రాత్రి విద్యుత్ హీటరు ఆగిపోయినచో గదిలోని వానికి తోచు మొదటి ఉపాయము బొగ్గుల కుంపటి. ఉత్తరాదివారు దీనినే అంగీఠీ యందురు. హీటరు చెడుట చిన్న కష్టము. కుంపటిని లోనికి తెచ్చి తలుపు మూయుట ప్రాణాపాయము. కావున హీటరును ఎట్లు పరీక్షింపవలెనో, అది బాగుపడనిచో రాత్రి ఎట్లు గడపవలెనో ప్రతివారును ముందుగా తెలిసికొని యుండుట మేలు.

హీటరు ఏల ఆగును?

హీటరు వెలుగనంత మాత్రమున అది చెడిపోయినదని తలంపరాదు. లోపము తరచుగా హీటరు వెలుపలనే యుండును. ఈ క్రింది వరుసలో చూచినచో కారణము తెలియగలదు.

1. మొదట గదిలోని దీపము వెలుగుచున్నదా యని చూడవలెను. దీపమును లేనిచో విద్యుత్తు ఇల్లంతటికి పోయినదో, ఆ గదికి మాత్రమే పోయినదో విచారింపవలెను. ఆ గదికే పోయినచో మీటరు వద్ద నుండు ఎం.సి.బి. స్విచ్చి క్రిందికి పడి యుండవచ్చును. ముందుగా హీటరు ప్లగ్గు ఊడదీసి, పిదప దానిని పైకి ఎత్తవలెను. హీటరు పెట్టగానే మరల పడినచో పలుమారులు ఎత్తరాదు; ఎలక్ట్రీషియనును పిలువవలెను. ఫ్యూజు కాలిపోయినచోట లావు తీగ బిగించుట మిక్కిలి తప్పు. ఫ్యూజు కాలుట ఇంటిని కాపాడుటకే. అది కాలనిచో గోడలోని తీగలు కాలును.

2. పిదప ప్లగ్గు, సాకెట్టు చూడవలెను. 2000 వాట్ల హీటరు 230 వోల్టుల వద్ద సుమారు 8.7 ఆంపియర్ల విద్యుత్తును లాగును. దీపములకు, ఫోనులకు వాడు చిన్న సాకెట్టు 6 ఆంపియర్లకే నిర్మింపబడినది. కావున పెద్ద హీటరును 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టుకే తగిలింపవలెను. సన్నని ఎక్స్‌టెన్షను తీగకు తగిలించినచో అది వేడెక్కి కరగును. ప్లగ్గు నల్లబడినను, తాకినపుడు కాలినను, కమురు వాసన వచ్చినను ఆ సాకెట్టును వాడరాదు.

3. తరువాత హీటరు మీది మీటను గమనింపవలెను. థర్మోస్టాటు తక్కువలో నున్నచో, గది కొంచెము వెచ్చబడగానే హీటరు తనంతట ఆగును. అది లోపము కాదు. కొన్ని హీటర్లకు అడుగున ఒక మీట యుండును. హీటరు ఒరిగినచో విద్యుత్తు ఆపుట దాని పని. మెత్తని పరుపు మీదనో, ఎగుడుదిగుడు నేల మీదనో పెట్టినపుడు ఆ మీట నొక్కుకొనక హీటరు వెలుగదు. గట్టి సమతలము మీద ఉంచి చూడవలెను.

4. గాలి విసరు హీటరు కొంతసేపు పనిచేసి ఆగినచో, అది మితిమీరి వేడెక్కి యుండును. జాలీలో దుమ్ము పేరుకొనుట, గోడకు ఆనించుట, తడి బట్టలు ఆరవేయుట ఇందుకు కారణములు. ప్లగ్గు ఊడదీసి, అరగంట చల్లారనిచ్చి, దుమ్ము తుడిచి మరల ప్రయత్నింపవచ్చును. బట్టలు, పుస్తకములు, పరుపు హీటరునకు కనీసము మూడడుగుల దూరమున నుండవలెను.

5. ఇవన్నియు సరిగా నుండియు వెలుగనిచో లోపలి కాయిలు తెగి యుండును. తెగిన కాయిలును మెలిపెట్టి అతుకుట, మూడవ పిన్నును తీసివేసి రెంటితోనే తగిలించుట, తడిచేతితో తాకుట విద్యుద్ఘాతమునకు దారి తీయును. ఆ రాత్రికి హీటరును ప్రక్కన పెట్టి, ఉదయము మరమ్మతుకు ఇచ్చుటయే మంచిది.

కుంపటిలోని విషము

బొగ్గు పుష్కలముగా గాలి తగిలి మండునపుడు బొగ్గుపులుసు వాయువు పుట్టును. గాలి చాలనిచోట కార్బన్ మోనాక్సైడు అను వేరొక వాయువు పుట్టును. కుంపటి అడుగున పుట్టిన బొగ్గుపులుసు వాయువే పైనున్న ఎర్రని బొగ్గుల గుండా పోవునపుడు కార్బన్ మోనాక్సైడుగా మారును. నిప్పుల మీద అప్పుడప్పుడు కనిపించు సన్నని నీలిమంట ఈ వాయువు మండుటయే. ఆ మంట అణగి నిప్పులు కణకణలాడునపుడు వాయువు మండక గదిలోనికి వచ్చును. పొగ పోయినది గదా, ఇక భయము లేదని కుంపటిని లోనికి తెచ్చు సమయ మదియే. నివురుగప్పిన నిప్పు అను మాట ఇచ్చట అక్షరాల నిజము.

ఈ వాయువునకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. రక్తములోని హీమోగ్లోబిను ప్రాణవాయువును శరీరమంతటికి మోయును. కార్బన్ మోనాక్సైడు ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా హీమోగ్లోబినును పట్టుకొనును. అందుచే ఊపిరి ఆడుచున్నను మెదడునకు, గుండెకు ప్రాణవాయువు అందదు. తలనొప్పి, తలతిరుగుట, వికారము, కాళ్లలో సత్తువ తగ్గుట, మాట తడబడుట దీని లక్షణములు. ఒకే గదిలోని ఇద్దరికి ఒకేమారు తలనొప్పి వచ్చినను, బయటికి పోగానే అది తగ్గినను ఈ విషమునే అనుమానింపవలెను. నిద్రించువానికి ఈ హెచ్చరికలు తెలియవు; నిద్రలోనే స్పృహ తప్పును.

కుంపటి ప్రక్క నీళ్లగిన్నె పెట్టినచో విషము హరించునను నమ్మకము సరికాదు. కిటికీ కొంచెము తెరచుటయు భద్రత కాజాలదు. తెలుగువారు భోగిమంటను ఆరుబయట వేయుదురు. ఆకాశమే దానికి పొగగొట్టము. బాలింత గదిలో కుంపటి పెట్టు ఆచారము గల ఇండ్లలోను మూసిన గదిలో నిప్పు ఉంచరాదు. పసిబిడ్డకు, గర్భిణికి, గుండెజబ్బు గలవారికి అపాయము మరింత ఎక్కువ. గాలి రాని స్నానపుగదిలో గ్యాసు గీజరును వాడుటయు ఇట్టిదే. గ్యాసుమంట నీలముగా గాక పసుపుపచ్చగా నున్నచో వెంటనే ఆర్పి బాగుచేయింపవలెను.

ఎవరైన పడిపోయినచో

తలుపులు, కిటికీలు తెరచి, రోగిని వెంటనే బయటి గాలిలోనికి చేర్చవలెను. సాయము చేయువాడు విషవాయువు నిండిన గదిలో ఆలస్యము చేయరాదు. వానికిని అదే గతి పట్టవచ్చును. వెంటనే 112కు ఫోను చేయవలెను. శ్వాస ఆగినచో, తెలిసినవారు కృత్రిమశ్వాస, గుండె నొక్కుట మొదలు పెట్టవలెను. స్పృహ లేనివానికి మజ్జిగ గాని, నిమ్మరసము గాని పోయరాదు. గదిలో కుంపటి యుండెనని వైద్యునకు తప్పక చెప్పవలెను. వ్రేలికి తగిలించు ఆక్సీమీటరు ఈ విషమును గుర్తింపజాలక అంకెను మామూలుగానే చూపవచ్చును. దానిని నమ్మి ఊరకుండరాదు. బయటి గాలిలో రక్తమునందలి విషము సగమగుటకు నాలుగైదు గంటలు పట్టును. ఆసుపత్రిలో స్వచ్ఛమైన ప్రాణవాయువు నిచ్చినచో సుమారు గంట, గంటన్నర చాలును. రోగి లేచి కూర్చున్నను ఆసుపత్రికి తీసికొనిపోవుట అందుకే అవసరము.

హీటరు లేని రాత్రి

ఒక మందపు చొక్కా కంటె పలుచని వస్త్రములు రెండు మూడు తొడుగుట ఎక్కువ వెచ్చదనము నిచ్చును. వాటి నడుమ నిలుచు గాలియే చలిని ఆపును. తలకు ఉన్ని టోపీ, కాళ్లకు మేజోళ్లు వేసికొనవలెను. రజాయి పైన కప్పుకొనిన చాలదు. రాతినేల వేడిని లాగుకొనును గనుక పరుపు క్రిందను ఒక కంబళి పరచవలెను. వేడినీటి రబ్బరు సంచిని గుడ్డలో చుట్టి పాదముల వద్ద ఉంచుకొనవచ్చును. తలుపు క్రింది సందును గుడ్డతో మూయవచ్చును గాని, గాలి వచ్చు వెంటిలేటరును మూయరాదు. మద్యము వెచ్చదనమువలె తోచినను ఒంటి వేడిని వెలుపలికి పోగొట్టును. చలికి వణకుచున్న వృద్ధుడు మగతగా నున్నను, మాట ముద్దకట్టినను వైద్యసహాయము పొందవలెను.

అన్నిటి కంటె సులభమైన ఉపాయము ప్రక్కగది తలుపు తట్టుట. హీటరు పనిచేయు గదిలో ఇద్దరు ముగ్గురు కలిసి ఆ రాత్రి గడపుటలో చిన్నతనము లేదు. గది అద్దెకిచ్చు యజమాని చలికాలము రాకమునుపే తీగలను, సాకెట్లను పరీక్ష చేయింపవలెను. తెల్లవారగానే హీటరు బాగుపడును, క్రొత్తది కొనవచ్చును. మూసిన గదిలోని కుంపటికి బలియైన ప్రాణమునకు మరమ్మతు లేదు.