వాసనకూ ఉంది చట్టం!

తనకల్లు చుట్టుపక్కల వేరుశనగ చేలకూ గంజాయికీ ఏ సంబంధమూ లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం ఆ మొక్క పెంచితే పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. అయినా దాని వాసననూ పొగనూ అదుపు చేయడానికి వచ్చిన నిబంధనలు మనమూ తెలుసుకోవాలి. ఊరి గాలిని కాపాడుకునే దారులు వాటిలో ఉన్నాయి.

● చీనీ తొక్క గిల్లితే గుప్పుమనేది లిమోనీన్. కదిరి మల్లెల పరిమళంలో లినలూల్ ఉంటుంది. ఈ రెండూ గంజాయి పూతలోనూ ఉన్నాయి! మరి దానికి ఆ ముక్కుపుటాలదిరే ఘాటు ఎక్కడిది? గంధకంతో కూడిన కొన్ని పదార్థాలు అందులో లేశమాత్రంగా ఉంటాయని, ఘాటు వాటిదేనని అమెరికా పరిశోధకులు 2021లో తేల్చారు. వెల్లుల్లి ఘాటుకు కారణమయ్యేవీ ఆ కోవవే.

● ఈ వాసన ముఖ్యంగా ఆడమొక్క పూతది. పూత మీద నూగులా కనిపించే గ్రంథుల్లో వాసననిచ్చే జిగురు ఊరుతుంది. అందుకే కోతకు ముందు వారాల్లోనూ, కోసి ఆరబెట్టేటప్పుడూ వాసన బాగా ముదురుతుంది.

● వాసనతోనే పోదు. ఈ మొక్క విడిచే ఆవిర్లు వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లతో ఎండలో కలిస్తే ఓజోన్ పుడుతుంది. ఆకాశంలో మనల్ని కాపాడే ఓజోనే నేలమీద ఊపిరితిత్తులకు చేటు. గోదాముల్లో గంజాయి పెంచే అమెరికాలోని డెన్వర్ నగరంలో శాస్త్రవేత్తలు దీనిమీద ప్రత్యేకంగా అధ్యయనం చేశారు.

● ఆ డెన్వర్‌లోనే 2016లో నిబంధనలు బిగించారు. సాగుదారులు వాసనను ఎలా అరికడతారో ముందుగా ప్రణాళిక రాసి ఇవ్వాలి. తనిఖీకి వచ్చే అధికారి ముక్కుకు ఆనించుకునే పరికరంతో వాసనను కొలుస్తాడు. ఒక వంతు వీధి గాలికి ఏడు వంతుల శుద్ధమైన గాలి కలిపినా వాసన తెలుస్తోందంటే హద్దు దాటినట్టే.

● 2018 అక్టోబరు 17న గంజాయిని చట్టబద్ధం చేసిన కెనడా, పెంచే భవనాల్లో గాలి వడపోత ఏర్పాటు తప్పనిసరి చేసింది. వాసన గోడ దాటి బయటికి రాకూడదు.

● ఆ వడపోతకు ఎక్కువగా వాడేది ఉత్తేజిత బొగ్గు. మన టెంకాయ చిప్పల నుంచీ అది తయారవుతుంది. ఒక్క గ్రాము బొగ్గులోని సూక్ష్మ రంధ్రాల లోపలి ఉపరితలమంతా పరిస్తే దాదాపు వెయ్యి చదరపు మీటర్లు, అంటే సుమారు 25 సెంట్ల నేల! వాసన అణువులు అక్కడే అతుక్కుపోతాయి.

● మన రాష్ట్రంలో పెంపకంతో పాటు పొగా సమస్యే. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు పట్టుబడిన గంజాయి సుమారు 2 లక్షల కిలోలు తగులబెట్టారు. విశాఖ మన్యంలో వేల ఎకరాల తోటలు నరికించిన ‘ఆపరేషన్ పరివర్తన’ కాలమది.

● పట్టుకున్న సరుకును ఎలా కాల్చాలో కూడా నిబంధన ఉంది. కేంద్ర ఆర్థిక శాఖ నియమాల ప్రకారం, కాలుష్య నియంత్రణ పరికరాలు అమర్చిన దహన యంత్రాల్లోనే, ఉద్గార ప్రమాణాలకు లోబడి కాల్చాలి. అవసరమైన చోట కాలుష్య నియంత్రణ మండలి అనుమతీ తీసుకోవాలి.

● మిగతా దుర్వాసనల సంగతి? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2008లో దుర్వాసన నివారణకు మార్గదర్శకాలు తెచ్చింది. 2009 నాటి జాతీయ గాలి నాణ్యతా ప్రమాణాల్లోని 12 కాలుష్యకారకాల్లో ఘాటైన అమోనియా ఉంది గానీ, వాసనకంటూ ప్రత్యేకంగా ఒక హద్దు లేదు. ఇది తీర్చవలసిన లోటు.

● అయినా మన చేతిలో ఆయుధం ఉంది. జనం ఆరోగ్యానికి హాని కలిగేలా గాలిని పాడుచేయడం భారతీయ న్యాయ సంహిత 280వ సెక్షన్ కింద నేరం. నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద, ఆ బెడదను తొలగించమని ఆర్డీవో ఆదేశించవచ్చు. తనకల్లు వారికి కదిరి ఆర్డీవో కార్యాలయం ఉండనే ఉంది. ఊరి గాలి పాడైతే ముక్కు మూసుకుని ఊరుకోకండి, నలుగురూ కలిసి అర్జీ పెట్టండి. గంజాయి జాడ తెలిస్తే 1972కు ఫోన్ చేయండి.