రికార్డు రాస్తే చాలదు... టూలు పట్టాలి!

2001లో పదో తరగతి పాసయ్యాక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ తీసుకుంటానన్నాను. మా ఇంట్లో చిన్న సభే జరిగింది. "ఆడపిల్లవి, స్తంభాలెక్కి వైర్లు లాగుతవా?" అంది మేనత్త. "టీచర్ ట్రైనింగ్ చెయ్యరాదే" అంది అమ్మ. రైల్వేలో పనిచేసే నాన్న మాత్రం "చదువుకోనీయండి" అన్నారు.

నిజానికి మౌలాలి వాళ్లకు ఈ చదువు కొత్తదేం కాదు. రైల్వే సిగ్నల్, టెలికం సిబ్బందికి శిక్షణనిచ్చే ఇరిసెట్ 1957 నుంచీ తార్నాకలో ఉంది. 1967లో మొదలైన ఇసిఐఎల్ పేరే మా దగ్గరి చౌరస్తాకు స్థిరపడిపోయింది. అయినా, అదంతా మగవాళ్ల పనేనని మా బస్తీలో నమ్మకం!

రాత మాకు, పని వాళ్లకు

నేను చేరింది ఓ చిన్న కాలేజీలో, మూడేళ్ల డిప్లొమాకి. ల్యాబ్‌లో బ్యాచ్‌కి ఒక్కటే క్రింపింగ్ టూలు. అదెప్పుడూ అబ్బాయిల చేతుల్లోనే ఉండేది. "మీ దస్తూరి బాగుంటుంది, మీరు రికార్డు రాయండమ్మా" అనేవారు మాతో. వినడానికి పొగడ్తే. కానీ పని మాత్రం చేతికి రాదు కదా! ఈ సంగతి విని, చీటీ డబ్బుల్లోంచి తీసి కోఠి గుజరాతీ గల్లీలో నాకు టూలు కొనిపెట్టింది ఎవరో తెలుసా? టీచర్ ట్రైనింగన్న మా అమ్మే! ఆదివారాలు మా వరండాలో నలుగురమ్మాయిలం కూర్చుని కేబుళ్లు కోసేవాళ్లం.

ఎనిమిది తీగలు

నెట్‌వర్క్ కేబుల్‌లో ఎనిమిది సన్నని తీగలుంటాయి. రెండేసి చొప్పున మెలిపెట్టి నాలుగు జతలు. బయటి కరెంటు అలజడి జతలోని రెండు తీగలమీదా సమానంగా పడి, అక్కడికక్కడ చెల్లిపోవడానికే ఆ మెలిక. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ... ఈ వరుస రెండు కొసల్లోనూ ఒకేలా ఉండాలి. అప్పుడే టెస్టర్‌లో ఎనిమిది దీపాలూ వరసగా వెలుగుతాయి. కేబుల్ పొడవు వంద మీటర్లు దాటకూడదు.

చదువయ్యాక నాచారంలో ఓ ఆఫీసుకి ఇంటర్వ్యూకి వెళ్తే, నా రికార్డు ఎవ్వరూ అడగలేదు. కేబుల్ ముక్క, టూలు చేతికిచ్చారు. ఐదు నిమిషాల్లో బిగించి ఇచ్చాను. ఉద్యోగం వచ్చింది. "ఆడవాళ్లకెందుకీ పని?" అనేవాళ్లకు రేడియా పెర్ల్‌మన్ గురించి చెబుతుంటాను. నెట్‌వర్క్‌లో సమాచారం అంతు లేకుండా గుండ్రంగా తిరగకుండా ఆపే 'స్పానింగ్ ట్రీ' పద్ధతిని 1985లో రూపొందించింది ఈ అమెరికా మహిళే.

చేర్పించే ముందు...

మీ అమ్మాయి పాలిసెట్ రాసి ఈ కోర్సులో చేరాలనుకుంటే కాలేజీ భవనం చూసి మురిసిపోకండి. ల్యాబ్ చూడండి. ఒక్కో టూలుకి ఎంతమంది పిల్లలో అడగండి. డిప్లొమా తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలోనే చేరొచ్చని గుర్తుంచుకోండి. మీ అమ్మాయి కాలేజీ నుంచి రాగానే "రికార్డు రాశావా?" అని కాదు, "ఈరోజు నీ చేత్తో ఏం చేశావే?" అని అడగండి.