ఇంట్లో పియానో మోత.. పక్కింటివాళ్లకు ఇబ్బంది లేకుండా ఎలా తగ్గించాలి?

పిల్లల గ్రేడ్ పరీక్షలు దగ్గరపడ్డాయి.. రోజూ ప్రాక్టీస్ చేయక తప్పదు. కానీ పియానో ముందు కూర్చోగానే పక్క ఫ్లాట్ నుంచి "కాస్త సౌండ్ తగ్గించండి" అని ఫోన్. కీబోర్డుకైతే వాల్యూమ్ బటన్ ఉంటుంది, అసలు పియానోకి ఉండదు. మరి ప్రాక్టీస్ ఆపేయాలా? అక్కర్లేదు. సౌండ్ ఎటు నుంచి బయటికి వెళ్తోందో తెలిస్తే చాలు.

సౌండ్ ఎక్కడ పుడుతుంది?

కీ నొక్కగానే ఫెల్ట్ చుట్టిన చిన్న సుత్తి తీగను కొడుతుంది. తీగ చేసే శబ్దం చాలా తక్కువ. ఆ కంపనం సౌండ్‌బోర్డు అనే పెద్ద చెక్క పలకకు చేరాకే అంత మోత వస్తుంది. గోడ పక్కన నిలబెట్టే అప్‌రైట్ పియానోలో ఈ పలక వెనక వైపు ఉంటుంది. అందుకే పైమూత మూసినా పెద్దగా తేడా ఉండదు. మరోవైపు కంపనం పియానో చక్రాల ద్వారా నేలలోకి దిగి, కింది ఫ్లాట్‌కి కూడా చేరుతుంది.

ముందు ఇవి చేసి చూడండి

* చాలా అప్‌రైట్ పియానోల్లో మధ్య పెడల్ ప్రాక్టీస్ కోసమే ఉంటుంది. దాన్ని నొక్కి పక్కకు జరిపితే లాక్ అవుతుంది. సుత్తులకు, తీగలకు మధ్య ఫెల్ట్ పట్టీ దిగి సౌండ్ బాగా తగ్గుతుంది. గ్రాండ్ పియానోలో మధ్య పెడల్ పని వేరు.
* పక్కింటితో కలిసున్న గోడకు పియానో ఆనించొద్దు. ఇంటి లోపలి గోడ వైపు మార్చి, కాస్త ఖాళీ వదలండి.
* చక్రాల కింద మందపాటి రబ్బరు కప్పులు, వాటి కింద కార్పెట్ వేయండి. బరువు 200 కిలోలు దాటే వస్తువు కాబట్టి ఒక్కరే జరపొద్దు.
* పియానో వెనక మందపాటి బొంత వేలాడదీయొచ్చు. గాలి ఆడకుండా కుక్కితే మాత్రం తేమ చేరే ప్రమాదం ఉంది.
* తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ బిగించండి.

గోడకు పల్చటి ఫోమ్ అంటిస్తే గదిలో ప్రతిధ్వని తగ్గుతుంది.. అంతే! పక్కింటికి వెళ్లే సౌండ్‌ని అది ఆపలేదు.

టెక్నీషియన్‌తో పని

ఏళ్ల తరబడి వాడితే సుత్తుల ఫెల్ట్ గట్టిపడి సౌండ్ మరీ పదునుగా వస్తుంది. టెక్నీషియన్ సూదులతో గుచ్చి దాన్ని మెత్తబరుస్తారు. దీన్ని వాయిసింగ్ అంటారు. సొంతంగా ప్రయత్నిస్తే ఫెల్ట్ పాడవుతుంది. ఖర్చుకు వెనకాడకపోతే సైలెంట్ సిస్టమ్ ఉంది. సుత్తి తీగను తాకకముందే ఆగిపోతుంది, సెన్సర్లు పట్టిన స్వరం హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది. యమహా 1993లోనే ఇలాంటి పియానోలు తెచ్చింది.

టైమ్ కూడా ముఖ్యమే

మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. ఆ వేళల్లో హెడ్‌ఫోన్‌తోనే సరిపెట్టుకోవడం మంచిది.

ఒక్క జాగ్రత్త.. ఎప్పుడూ ప్రాక్టీస్ పెడల్ వేసే వాయిస్తే స్వరం ఎక్కడ మెల్లగా, ఎక్కడ గట్టిగా పలకాలో పిల్లల వేళ్లకు అలవాటు కాదు. పరీక్షలో మార్కులు పోయేది అక్కడే! పక్కింటివాళ్లతో మాట్లాడి, రోజూ సాయంత్రం ఒక అరగంట పెడల్ తీసేసి వాయించనివ్వండి. ముందే టైమ్ చెప్తే చాలామంది కాదనరు.