సమీకరణము నడుమ సర్క్యూటు పటము

మైకు ముందు బొమ్మ గీయలేము, మాటలతోనే చూపవలెను. కంప్యూటరుపై కూర్చిన పాఠములో రెండు సర్క్యూటు పటములు, నడుమ సమాన చిహ్నము ఉన్నవనుకొనుడు. ఎడమవైపు 12 వోల్టుల జనకము, దానితో శ్రేణిలో 4 ఓముల నిరోధకము. కుడివైపు 3 ఆంపియర్ల ప్రవాహ జనకము, దానికి సమాంతరముగా అదే 4 ఓముల నిరోధకము. బయటి కొనలవద్ద రెండును ఒకే తీరున ప్రవర్తించును. ఆ సంగతి చెప్పవలసిన చిహ్నము పటముల నడిమికి ఎదురుగా నిలువక, అడుగు తీగ సరసకు జారిపోవును. రెండు గీతలే గదా! కొత్త విద్యార్థి దానిని కెపాసిటరని భ్రమించినచో తప్పు అతనిది కాదు.

డొనాల్డ్ క్నూత్ 1978లో వెలువరించిన 'టెక్' అను కూర్పు విధానము పటమును ఒక పెద్ద అక్షరముగా ఎంచును. అందులో 'టిక్జ్' సాధనముతో గీచిన పటము, వేరుగా చెప్పనిచో, అక్షరములు కూర్చుండు ఆధారరేఖపై తన అడుగును మోపి నిలుచును. ఎత్తంతయు పైకే పోవును. చిహ్నము క్రిందనే మిగులును.

'బేస్‌లైన్' అను ఆదేశమునకు పటము నడిమి బిందువును ఇచ్చినచో చాలవరకు సరిపడును. అయితే సమాన చిహ్నపు నడుము ఆధారరేఖకు కొంచెము పైన ఉండును. కావున ఆ బిందువును చిన్న ఎక్స్ అక్షరపు ఎత్తులో సగము మేర క్రిందికి జరుపవలెను.

ఇంకొక చిక్కు కలదు. ఒక పటము క్రింద మాత్రమే విలువ వ్రాసినచో దాని నడిమి బిందువు దిగి, రెండింటి తీగలు ఎగుడుదిగుడగును. అట్టిచోట కొలతలు సమానముగా గీచి, రెండు పటముల తీగపైనను ఒకేచోట బిందువును గుర్తించి, దానినే ఆధారముగా ఇచ్చుట మేలని నా మతము.