గాలివాన వెళ్ళిన మర్నాడు ఏది ముందు? ఏది వెనక?

మన సిక్కోలు జిల్లాలో గాలివాన చూడనివాళ్ళు ఉండరు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను మన పక్కనే ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2014లో మళ్ళీ అదే అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చి మన పలాస దగ్గరే తీరం దాటింది. అప్పుడు గాలి వేగం గంటకు 140 నుండి 150 కిలోమీటర్లు.

తుఫాను వచ్చేముందు ఏం చేయాలో రేడియోలో, టీవీలో చెబుతారు. అది వెళ్ళిపోయాక ఏం చేయాలో చెప్పేవాళ్ళు తక్కువ. అన్నీ ఒక్కసారే పోతాయి. అన్నీ ఒక్కసారే తిరిగి రావు. అందుకే ఏ పని ముందు, ఏ పని వెనక అన్నది తెలియాలి. మా ఇంట్లో జరిగింది, పెద్దవాళ్ళ దగ్గర విన్నది, పుస్తకాల్లో చదివింది కలిపి ఈ వ్యాసం రాస్తున్నాను.

మాది మందస మండలంలో కొండ కింద సవర ఊరు. తిత్లీ వచ్చినప్పుడు నేను రెండో తరగతి. మా ఇంటి కప్పు పోయింది. జీడితోటలో సగం చెట్లు వేళ్ళతో లేచిపోయాయి, మిగతావాటికి కొమ్మలు విరిగిపోయాయి. ఆ డిసెంబరులో మా నాన్న కూలికోసం మమ్మల్ని నిమ్మాడ తీసుకెళ్ళాడు. నిమ్మాడ కోటబొమ్మాళి మండలంలో ఉంది. అక్కడ నాన్న ఒక తాపీ మేస్త్రీ దగ్గర పనిచేశాడు. ఆ మేస్త్రీగారిది ఉద్దానం. ఆయన కొబ్బరి చెట్లు కూడా తిత్లీకి పోయాయి. ఈ వ్యాసంలో ఇంటి సంగతులు చాలావరకు ఆయన చెప్పినవే.

సుడిగాలి వేరు, తుఫాను వేరు

వేసవిలో మైదానంలో చెత్తను, ఆకులను తిప్పుకుంటూ పోయే గాలిని మనం సుడిగాలి అంటాము. అమెరికా వంటి దేశాలలో వచ్చే పెద్ద సుడిగాలులకు టోర్నడో అని పేరు. అవి మబ్బులోనుండి నేలదాకా తొండంలాగ దిగుతాయి. కొన్ని వందల మీటర్ల వెడల్పులో, కొద్ది నిమిషాలలో అంతా పాడుచేసి పోతాయి.

తుఫాను సముద్రం మీద పుడుతుంది. వందల కిలోమీటర్ల మేర ఉంటుంది. గంటల తరబడి వీస్తుంది. దాని మధ్యలో కన్ను ఉంటుంది. కన్ను మన మీదుగా పోయినప్పుడు గాలి ఆగినట్టే అవుతుంది. కాసేపటికి మళ్ళీ ఎదటి దిక్కునుండి కొడుతుంది. ఒక వైపు ఊగి వదులైన చెట్టు, రెండోవైపు గాలికి పడిపోతుంది. గాలి ఆగింది కదా అని అప్పుడు బయటకు పోరాదు.

పెద్ద సుడిగాలి తన దారిలో ఉన్న ఇళ్ళను తీసుకుపోతుంది. తుఫాను ఇంటితోబాటు తోటను, పొలాన్ని, కరెంటును, కూలిని కూడా తీసుకుపోతుంది. అందువల్ల మనకు తిరిగి నిలబడడానికి ఎక్కువ కాలం పడుతుంది.

మొదటి పని: నీళ్ళు

ఇల్లు లేకపోయినా రెండు రోజులు చెట్టుకింద ఉండవచ్చు. మంచినీళ్ళు లేకపోతే ఉండలేము. వరద నీరు కలిసిన బావి, ఆకులు కుళ్ళిన ఊట తాగితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. నీళ్ళు మరగబెట్టి తాగాలి.

బావికి బ్లీచింగ్ పొడి ఎంత వేయాలి? మామూలు బావికి 1000 లీటర్లకు 2.5 గ్రాములు. రెండు మీటర్ల వెడల్పు గుండ్రటి బావిలో నాలుగు మీటర్ల లోతు నీళ్ళున్నాయనుకోండి. వ్యాసార్థం ఒక మీటరు. 3.14 × 1 × 1 × 4 = 12.56 ఘనపు మీటర్లు, అనగా 12,560 లీటర్లు. పొడి సుమారు 31 గ్రాములు కావాలి. బకెట్టులో కలిపి, సున్నం అడుక్కు దిగాక పైనీళ్ళు మాత్రం బావిలో పోసి, తోడుతూ కలపాలి. ఒక గంట దాకా ఆ నీళ్ళు వాడకూడదు. వరద కలిసిన బావికి ఇంకా ఎక్కువ కావాలి. ఆ కొలత ఆరోగ్య కార్యకర్తను అడిగి వేయించాలి. లెక్కల మాస్టారు చెప్పే వైశాల్యాలు, ఘనపరిమాణాలు ఎందుకని అడిగేవాళ్ళకు ఇదే జవాబు!

రెండో పని: కప్పు

గాలి గోడను తోస్తుంది, కప్పును పైకి లాగుతుంది. ఇది చాలామందికి తెలియదు. గాలి కప్పు మీదుగా వేగంగా పోయేటప్పుడు పైన ఒత్తిడి తగ్గుతుంది. అదే సమయంలో గాలి వచ్చేవైపు తలుపు తెరుచుకుంటే ఆ గాలి లోపల నిండి కిందినుండి నెడుతుంది. అప్పుడు రేకులు కాగితాల్లాగ లేస్తాయి. గాలి వేగం రెండింతలైతే దాని బలం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. మూడింతలైతే తొమ్మిదింతలు. గంటకు 50 కిలోమీటర్ల గాలికి తట్టుకున్న కప్పు 150 కిలోమీటర్ల గాలికి తొమ్మిది రెట్ల బలాన్ని ఆపాలన్నమాట.

మేస్త్రీగారు మా నాన్నతో ఇలా అనేవారు: "తమ్ముడూ, కప్పు మీద బరువెట్టడం కాదు, కప్పుని భూమికి కట్టాల." ఆయన చెప్పిన పద్ధతి ఇది.

1. వాసాన్ని దూలానికి, దూలాన్ని స్తంభానికి ఇనపతీగెతో గట్టిగా కట్టాలి. స్తంభం భూమిలోకి లోతుగా దిగాలి. వీటిలో ఏ ఒక్కటి వదిలినా మిగతావి ఉండీ లేనట్టే.

2. కర్ర స్తంభం అడుగు భాగాన్ని కాల్చి, తారు పూసి పాతాలి. చెద తొందరగా పట్టదు.

3. రెండు స్తంభాల మధ్య ఏటవాలుగా ఒక కర్ర కొట్టాలి. నాలుగు మూలల చట్రాన్ని తోస్తే పక్కకు ఒరుగుతుంది. ఏటవాలు కర్ర పడితే మూడు మూలలు అవుతాయి. మూడు మూలలది ఒరగదు.

4. రెండు వాలుల కప్పు కంటె నాలుగు వాలుల కప్పు మంచిది. గాలి ఎటునుంచి వచ్చినా జారిపోతుంది. సముద్రం ఒడ్డున పాతకాలం చుట్టిళ్ళు గుండ్రంగా, చూరు కిందికి ఉండేవి. వాటికి గాలి పట్టుకునే మూల లేదు.

5. వసారా కప్పును ఇంటి కప్పుకు కలపకూడదు, వేరుగా వేయాలి. ఎగిరితే వసారా ఒక్కటే ఎగురుతుంది. మా ఊళ్ళో ఇళ్ళు వరసగా గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. వసారా అందరికీ ఒకటే. తిత్లీ రోజు ఒక చివర లేచిన కప్పు వరసంతా ఊడ్చుకుపోయింది.

6. తాటాకు, గడ్డి కప్పు మీద పాత చేపల వల పరిచి, చివరలను కింద గుంజలకు కట్టాలి. ఖర్చు తక్కువ, పని ఎక్కువ.

2020లో మేము ఊరికి తిరిగొచ్చాక నాన్న ఇంటికి ఇలాగే కట్లు వేశాడు. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నానికి ఉత్తరంగా తీరం దాటినప్పుడు మా కప్పు కదలలేదు. గులాబ్ తిత్లీ అంత బలమైనది కాదు. అయినా ఆ రాత్రి మా తాత చాలారోజుల తర్వాత నిద్రపోయాడు.

మూడో పని: కాగితాలు

నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళు ముందు అడిగేది కాగితాలే. రేషను కార్డు, ఆధారు, బ్యాంకు పుస్తకం, కొండభూమికి అటవీహక్కు పట్టా. తడిసినవాటిని నీడలో విడివిడిగా ఆరబెట్టాలి. పడిపోయిన చెట్లను లెక్క రాసేదాకా నరకకూడదు. నరికి తీసేస్తే ఎక్కడ చెట్టు, ఎన్ని చెట్లు అని చూపించలేము. మా తాతకు చదువు రాదు. చెట్టుకొక గులకరాయి చొప్పున కుండలో వేసి ఉంచాడు. రాసుకునేవాళ్ళు వచ్చినప్పుడు కుండ కుమ్మరించి చూపించాడు.

నాలుగో పని: చెట్లు

ఇక్కడ కొబ్బరికి, జీడికి తేడా తెలుసుకోవాలి. కొబ్బరి చెట్టుకు ఎదిగే చోటు ఒక్కటే. అది తలలో ఉన్న మొవ్వు. మొవ్వు విరిగితే చెట్టు చచ్చినట్టే, పక్కనుండి కొమ్మ రాదు. మొవ్వు బాగుంటే ఆకులన్నీ పోయినా బతుకుతుంది. ఒరిగిన చిన్న చెట్లను లేపి, మట్టి ఎగదోసి, పోటు కర్రలు పెడితే నిలబడతాయి.

జీడి చెట్టు అలా కాదు. కొమ్మలు విరిగినా మొదలు నిలబడి ఉంటే మళ్ళీ చిగురిస్తుంది. చీలిపోయిన కొమ్మను రంపంతో నున్నగా కోసి, ఆ గాయానికి బోర్డో పేస్టు పూయాలి. మైలుతుత్తం ఒక కిలో, సున్నం ఒక కిలో, నీళ్ళు పది లీటర్లు. ఇనపపాత్రలో కలపరాదు. గాయాన్ని వదిలేస్తే కాండం తొలిచే పురుగు చేరుతుంది.

పడిపోయిన కొబ్బరి మానులను తోటలో కుళ్ళనిస్తే వాటిలో కొమ్ముపురుగు గుడ్లు పెడుతుంది. ఆ పురుగు పెరిగి, మిగిలిన మంచి చెట్ల మొవ్వులు తొలుస్తుంది. గాలి వదిలిన చెట్టును పురుగు తినేస్తుంది. అందుచేత లెక్క పూర్తికాగానే మానులను కోయించి దూలాలకో, వంటచెరుకుకో వాడేసుకోవాలి.

కొత్త మొక్క ఎన్నాళ్ళకు కాస్తుంది? పొడవు రకం కొబ్బరికి ఆరేడేళ్ళు పడుతుంది. జీడి అంటుమొక్క మూడు, నాలుగేళ్ళకు కాపు మొదలెడుతుంది. నిండు కాపుకు ఇంకా ఆగాలి. మేస్త్రీగారి మాట ఇది: "ఇల్లు డబ్బులుంటే లేస్తాది. చెట్టుకి డబ్బులు చాలవు, యేళ్ళు కావాల." అందుకే మొక్క వేయడం ఒక్క వానకాలం కూడా ఆలస్యం చేయరాదు. మేము నిమ్మాడలో ఉన్నా, 2019 వానలకు తాత రెండడుగుల గుంతలు తవ్వించి అంట్లు నాటించాడు. 2023 వేసవిలో మొదటిసారి చెప్పుకోదగ్గ పిక్కలు వచ్చాయి. మేము వచ్చాకనే నాటుదామని ఊరుకుంటే ఆ ఏడాది కూడా ఉత్త చేతులే.

ఐదో పని: మధ్య పంట

చెట్టు కాసేదాకా తినాలి కదా! జీడి అంట్లు ఏడెనిమిది మీటర్ల దూరంలో వేస్తారు. మొదటి మూడు, నాలుగేళ్ళు మధ్యలో ఎండ బాగా పడుతుంది. మా తాత చోడి, కంది, చిక్కుడు వేశాడు. కొబ్బరి తోటల్లో అరటి, పసుపు, కంద వేసుకోవచ్చు. మధ్య పంట ఉన్న ఇంట్లోవాళ్ళు వలస పోవడం తక్కువ. మా ఊళ్ళో వెళ్ళినవాళ్ళలో ముందు తిరిగొచ్చినవాళ్ళు ఇంటిదగ్గర ముసలివాళ్ళు చోడి వేసి ఉంచినవాళ్ళే.

మరి బడి?

అందరూ పైన చెప్పిన ఐదు పనులూ అయ్యాక బడి సంగతి చూద్దాం అంటారు. మా ఇంట్లోనూ అలాగే అన్నారు. తిత్లీ వచ్చినప్పుడు మా అక్క హాస్టలులో ఏడో తరగతి చదువుతోంది. మేము నిమ్మాడ వెళ్ళినప్పుడు అమ్మా నాన్నా ఇద్దరూ పనికి పోవాలి. వంటకి, నన్ను చూడ్డానికి ఎవరో ఉండాలి. "ఈ ఒక్క యేడు ఉండిపో, వచ్చే యేడు పంపుతాం" అన్నారు. నన్ను నిమ్మాడ బడిలో వేశారు. అక్క ఇంట్లో ఉండిపోయింది. మరుసటి ఏడాది అప్పు ఉంది. ఆ తరువాత 2020 మార్చిలో కరోనా వచ్చి బడులే మూసేశారు. తెరిచేసరికి అక్క తనకంటె చిన్నపిల్లల పక్కన కూర్చోడానికి సిగ్గుపడింది.

ఇల్లు ఒక ఎండాకాలంలో లేచింది. తోట నాలుగేళ్ళకు కాసింది. అక్క చదువుకు ఏడేళ్ళు పట్టింది. ఈ సంవత్సరమే ఓపెన్ స్కూలులో పదో తరగతికి పేరు రాయించుకుంది. సెలవులకు వెళితే నా లెక్కల పుస్తకం తనే ముందు తీసుకుంటుంది.

మా అమ్మానాన్నలను తప్పుపట్టడానికి ఇది రాయలేదు. ఆ రోజు వాళ్ళకు కప్పు కనిపించింది, తోట కనిపించింది. చదువు పోతే చప్పుడు కాదు, చెట్టు పడ్డట్టు కనబడదు. లెక్క రాసేవాళ్ళు కూడా దాన్ని రాయరు. ఆ రోజు అక్క హాస్టలులోనే ఉంటే తనకు మూడు పూటలా తిండి, పడుకోడానికి గట్టి కప్పు, పుస్తకాలు ఉండేవి. ఇంట్లో ఒకరి భారమూ తగ్గేది. కనుక బడిని ఆరో పనిగా చివర పెట్టరాదు. నీళ్ళతోబాటు మొదటి వారంలోనే పిల్లలను బడికి తిరిగి పంపాలి.

మిత్రులారా! తుఫానులు ఎక్కువగా మన దసరా, దీపావళి సెలవుల రోజుల్లోనే వస్తాయి. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు మూడు పనులు చేయండి. వాసాలకు దూలానికి కట్లు ఉన్నాయో లేవో చూడండి. కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టండి, మీ టీసీ నకలు కూడా అందులో పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళతో ఒక మాట ముందే చెప్పి ఉంచండి: "ఏ గాలివాన వచ్చినా మర్నాడు మేము బడికి పోతాము" అని. అప్పుడు చెబితే వినే తీరిక వాళ్ళకు ఉండదు. ఇప్పుడే చెప్పాలి.

– తొమ్మిదో తరగతి విద్యార్థి