ఏ నొప్పికి బయల్దేరాలి?

మహారాష్ట్రలోని చంద్రపూర్ నుంచి తాడోబా అడవి వైపు వెళ్లే దారిలో దుర్గాపూర్ ఉంది. ఒక పక్క వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ వారి ఓపెన్‌కాస్ట్ గని, ఇంకో పక్క 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం. ఈ జిల్లాలో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో నెలలు నిండిన మనిషి ఉంటే రాత్రిపూట అందరికీ ఒకటే ఆలోచన: దవాఖానకు ఎప్పుడు బయల్దేరాలి? తొందరపడి వెళ్తే ‘ఇంకా టైముంది’ అని తిప్పి పంపుతారేమోనని మొహమాటం. ఆగితే దారిలోనే కాన్పు అవుతుందేమోనని భయం. ఈ రెండిట్లో మొహమాటాన్నే భరించమంటాను నేను.

ముందు నొప్పుల సంగతి. మన పెద్దవాళ్లు ‘దొంగ నొప్పులు’ అనేవాటిని 1872లో ఇంగ్లండ్ వైద్యుడు జాన్ బ్రాక్స్‌టన్ హిక్స్ వర్ణించాడు. అందుకే డాక్టర్లు వాటిని ఆయన పేరుతోనే పిలుస్తారు. పొట్ట బిగుసుకుంటుంది, కాసేపటికి వదులుతుంది. వరస ఉండదు. లేచి నాలుగడుగులు వేసినా, పక్కకు తిరిగి పడుకున్నా, నీళ్లు తాగినా సర్దుకుంటాయి. చంద్రపూర్ ఎండల్లో ఒంట్లో నీరు తగ్గినా ఇలా పొట్ట పట్టేస్తుంది. జీలకర్ర కషాయం తాగించి చూడమని అమ్మమ్మలు చెప్పేది ఇందుకే. వేడిగా ఏదో తాగి కాసేపు నడుం వాల్చితే దొంగ నొప్పి పోతుంది, అసలు నొప్పి పోదు. ఆ పరీక్షకు ఒక గంట చాలు, రాత్రంతా అక్కర్లేదు. నెలలు నిండకుండానే, అంటే 37 వారాల లోపే, నొప్పులు వరసగా వస్తుంటే కషాయంతో పరీక్షలేవీ పెట్టుకోకుండా వెళ్లిపోవాలి.

అసలు నొప్పి చాలామందికి నడుములో మొదలై ముందుకు చుట్టుకొస్తుంది. వచ్చినకొద్దీ దగ్గరవుతుంది, బలపడుతుంది, ఎక్కువసేపు ఉంటుంది. దీన్ని కొలవడానికి గోడ గడియారం, పాత క్యాలెండర్ కాగితం, పెన్సిలు ఉంటే సరిపోతుంది. పొట్ట మీద అరచెయ్యి ఆనించండి. గట్టిపడటం మొదలవగానే టైము రాయండి. వదిలాక ఎంతసేపు ఉందో పక్కన రాయండి. 1:10, 1:31, 1:40, 2:05 అని పడితే ఇంకా వరస కుదరలేదు. 3:02, 3:08, 3:13, 3:18 అని పడుతూ, ప్రతిదీ నిమిషం దాకా ఉంటూ, నొప్పి వచ్చినప్పుడు ఆమె మాట మధ్యలో ఆపేసి మంచం పట్టె పట్టుకుంటోందంటే ఇక లేవాలి. ఒక నొప్పి మొదలైనప్పటి నుంచి మరో నొప్పి మొదలయ్యేదాకా లెక్కపెట్టాలి. చాలామంది నొప్పి ఆగినప్పటి నుంచి లెక్కపెట్టి పొరబడతారు.

అయిదు నిమిషాలకొకటి, నిమిషంపాటు, గంటసేపు అలాగే: తొలికాన్పుకు చాలాచోట్ల చెప్పే లెక్క ఇది. ఇంటి ముందు కారు, పది నిమిషాల్లో ఆసుపత్రి ఉన్నవాళ్లకు ఇది బాగానే పనికొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల ప్రకారం గర్భాశయ ముఖం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే కాన్పు జోరందుకున్నట్టు. అక్కడి నుంచి అది పూర్తిగా తెరుచుకోవడానికి తొలికాన్పుకు మామూలుగా 12 గంటలు దాటదు, తర్వాతి కాన్పులకు 10 గంటలు దాటదు. ఆ పత్రమే ఇంకో మాట కూడా చెప్పింది. నొప్పులతో వచ్చిన మనిషిని 5 సెంటీమీటర్లు వచ్చేదాకా లేబర్ వార్డులో చేర్చుకోకుండా ఆపే పద్ధతి పరిశోధనలకు తప్ప మామూలుగా వద్దంది. గుమ్మంలో నిలబడిన మనిషి సంగతే అలా ఉంటే, మైళ్ల దూరంలో ఉన్న మనిషిని ఇంట్లోనే ఆగమనడానికి నాకు నోరు రాదు.

దారిని బట్టి లెక్క మారాలి. దుర్గాపూర్ నుంచి చంద్రపూర్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి ఆటోలో అరగంట లోపే. అదే తొలికాన్పుకు పుట్టింటికి సిరొంచ వెళ్లిన పిల్ల అయితే? అక్కడి నుంచి గడ్చిరోలి జిల్లా ఆసుపత్రికి సుమారు 200 కిలోమీటర్లు, దారంతా అడవి. ఆమెకు అయిదు నిమిషాల లెక్క పనికిరాదు. పది నిమిషాల వరస కుదరగానే బయల్దేరాలి. ఇంకా మేలైనది, నొప్పులు రాకముందే దవాఖాన ఉన్న ఊరికి చేరి ఉండటం. మహారాష్ట్ర ప్రభుత్వం గిరిజన ప్రాంతాల్లో ఆరోగ్య కేంద్రాల దగ్గర ఇందుకే ‘మాహేర్ ఘర్’లు పెట్టింది. మాహేర్ అంటే మరాఠీలో పుట్టిల్లు. కాన్పు దగ్గరపడ్డ ఆడపిల్లకు పుట్టిల్లు దవాఖాన పక్కనే ఉండాలనుకున్నవాళ్లకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

రెండో కాన్పో మూడోదో అయితే వరస కోసం కూర్చోకండి. మొదటిసారి పద్నాలుగు గంటలు పట్టిన మనిషికి రెండోసారి మూడు గంటల్లో అయిపోవచ్చు. ముందు కాన్పు ఆపరేషనైనా, కవలలైనా, బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని స్కానింగులో చెప్పినా నొప్పి మొదలవగానే వెళ్లాలి.

నొప్పులతో పనిలేకుండా వెంటనే లేవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఉమ్మనీరు పోతే, నొప్పి ఒక్కటి రాకపోయినా, వెళ్లాలి. నీరు ఆకుపచ్చగానో, గోధుమ రంగులోనో ఉంటే బిడ్డ లోపలే విసర్జించిందని అర్థం, అప్పుడు క్షణం ఆగకూడదు. కాస్త రక్తపు చారతో జిగురు పడటం మామూలే. బట్ట తడిసేలా రక్తం పోవడం మామూలు కాదు. తట్టుకోలేని తలనొప్పి, కళ్లు మసకబారడం, మొహం ఉబ్బడం బీపీ ముదిరిందనడానికి గుర్తులు. అక్కడి నుంచి ఫిట్స్ దాకా ఎంతో దూరం లేదు. బిడ్డ కదలిక తగ్గిందని తల్లికి అనిపిస్తే ‘పొద్దున చూద్దాంలే’ అనొద్దు. నీటితోపాటు బొడ్డుతాడు జారి కనిపిస్తే దాన్ని లోపలికి నెట్టకూడదు. ఆమెను మోకాళ్ల మీద వంగి, నడుము పైకి, తల కిందికి ఉండేలా ఉంచి, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

1994లో థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు తల్లుల మరణాల వెనక మూడు ఆలస్యాలున్నాయని రాశారు: వెళ్దామని నిర్ణయించుకోవడంలో, చేరడంలో, చేరాక వైద్యం అందడంలో. దుర్గాపూర్‌లో దారి చిన్నదే కాబట్టి ప్రమాదమంతా మొదటి ఆలస్యంలోనే ఉంది. భర్త నైట్ షిఫ్టులో ఉంటాడు. ‘వాడు డ్యూటీ దిగి రానీ’ అంటుంది అత్తమ్మ. ఆవిడకు కోడలి మీద ప్రేమ లేక కాదు. డబ్బు వాడి దగ్గరుంది, బండి వాడి దగ్గరుంది, తప్పు జరిగితే మాట పడేది తానన్న భయం కూడా ఉంది. అందుకే తొమ్మిదో నెల రాగానే కూర్చుని మాట్లాడుకోవాలి. నొప్పులు వస్తే ఎవరిని అడిగి బయల్దేరాలో కాదు, ఎవరినీ అడగనక్కర్లేదని తేల్చుకోవాలి. ఆమె ‘పోదాం’ అంటే పోవడమే. డబ్బు కోసం ఆగనక్కర్లేదు కూడా. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, రానుపోను బండి అన్నీ ఉచితమే.

ఇక్కడి రాత్రుల గురించి ఇంకో మాట. 2022లో దుర్గాపూర్, థర్మల్ కేంద్రం ప్రాంతంలో పులి, చిరుత దాడుల్లో మనుషులు చనిపోయారు. నొప్పులతో ఉన్న మనిషిని చీకట్లో రోడ్డు దాకా నడిపించి ఆటో కోసం నిలబెట్టొద్దు. బండి ఇంటి గుమ్మం దాకా రావాలి. ఇద్దరు ఆటోవాళ్ల నంబర్లు ముందే గోడ మీద రాసి ఉండాలి, ఒకరు ఎత్తకపోతే ఇంకొకరు. మోటారుసైకిల్ మీద మాత్రం వద్దు.

నొప్పులు త్వరగా రావాలని ఇంటికి ఎవరినో పిలిపించి సూది వేయించడం చాలా ప్రమాదం, ఆ మందు మోతాదు మించితే గర్భసంచి చిట్లుతుంది. ముక్కాలనిపిస్తోందని, దొడ్డికి వచ్చినట్టుందని ఆమె అంటే ఇక బయల్దేరే టైము దాటిపోయినట్టే. దవాఖాన దాకా ఆగాలని కాళ్లు దగ్గరికి నొక్కి పట్టకండి. 108కి ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టు చేయండి.

దవాఖానలో నర్సుకు తెలుగు రాకపోవచ్చు. తోడు వెళ్లినవాళ్లు బయట ఉండిపోతే ఆమె ఒక్కతే చెప్పుకోవాలి. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లకు మరాఠీ నాలుకకు ఎక్కదు, నొప్పిలో అసలే గుర్తుకు రాదు. తల్లీబిడ్డల కార్డు వెనక తెలుగు అక్షరాల్లో రాసిపెట్టండి. కళా సురూ ఝాల్యా: నొప్పులు మొదలయ్యాయి. పాణీ గేలం: ఉమ్మనీరు పోయింది. రక్త జాతంయ్: రక్తం పోతోంది. బాళ్ హలత్ నాహీ: బిడ్డ కదలడం లేదు. ఆ కార్డు మడతలోనే టైములు రాసిన క్యాలెండర్ కాగితమూ పెట్టండి. అంకెలు ఏ నర్సుకైనా అర్థమవుతాయి.